కుక్కపిల్ల వచ్చే ముందు ఇల్లు సర్దుకోవడం ఎలా?

"ఆదివారం కుక్కపిల్లను తెచ్చుకుంటున్నాం, ఏమేం కొనాలి?" అని అడిగేవాళ్ళు నన్ను సాధారణంగా శుక్రవారం రాత్రి అడుగుతారు. అప్పటికే మెత్తటి పరుపు, ఎముక ఆకారంలో గిన్నె, పేరు చెక్కించిన బిళ్ళ కొనేసి ఉంటారు. పశువైద్యుడి నంబరు మాత్రం ఉండదు. బాల్కనీ గ్రిల్లులో సందు ఎంతుందో చూసి ఉండరు. నిన్నటిదాకా ఆ పిల్ల ఏం తినేదో అడిగి ఉండరు.

హైదరాబాదులో ఒక మామూలు రెండు పడకగదుల ఫ్లాటులో ఇప్పటికి మూడు కుక్కలను పెంచాం. మొదటిదానికి సంచులకొద్దీ కొన్నాం, ఇల్లు మాత్రం సర్దలేదు. మూడోదానికి కొన్నది తక్కువ, సర్దింది ఎక్కువ. సుఖంగా గడిచింది ఆ మూడోసారే. ఒక వారం ముందు మొదలుపెడితే తీరిగ్గా అయ్యే పని ఇది.

తెచ్చే ముందు ఇచ్చేవాళ్ళను అడగవలసినవి

పిల్లకు 8 వారాలు నిండాయా అన్నది మొదటి ప్రశ్న. అంతకంటే చిన్న పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. "నెల పిల్లనే తెచ్చుకోండి, బాగా అలవాటవుతుంది" అని అమ్మేవాళ్ళు అంటే నమ్మకండి. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఉన్నప్పుడే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో అది నేర్చుకుంటుంది. ఆ పాఠం తప్పిన కుక్క మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

తర్వాత అడగండి: పుట్టిన తేదీ ఏమిటి, నట్టల మందు ఏ రోజు వేశారు, టీకా వేసి ఉంటే పుస్తకం ఉందా (సీసా మీది స్టిక్కరు, డాక్టరు సంతకం ఉండాలి, నోటిమాట చెల్లదు), ఏ ఆహారం రోజుకు ఎన్నిసార్లు పెడుతున్నారు. ఆ ఆహారమే ఒక కిలో అడిగి తీసుకోండి, డబ్బిచ్చయినా సరే. తల్లి పడుకునే చోట ఉన్న పాత గుడ్డ ముక్క ఒకటి తెచ్చుకోండి. మొదటి రాత్రి దాని విలువ తెలుస్తుంది.

ఇంకా ఏ పిల్లను తెచ్చుకోవాలో తేల్చుకోకపోతే ఒక్క మాట. మన ఎండలకు ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటి జాతులు, మంచు ప్రాంతాల హస్కీలు బాగా ఇబ్బంది పడతాయి. దేశీ పిల్ల ఈ వాతావరణంలోనే పుట్టింది. జూబ్లీహిల్స్‌లోని బ్లూక్రాస్ వంటి సంస్థల దగ్గర పెంపకానికి ఎదురుచూస్తున్న పిల్లలు ఉంటాయి, ఒకసారి వెళ్ళి చూడండి.

కావలసినవి

- స్టీలు గిన్నెలు రెండు, అడుగుభాగం వెడల్పుగా, బరువుగా ఉన్నవి. పెంపుడు జంతువుల దుకాణానికే వెళ్ళనక్కర్లేదు, బేగంబజారులో స్టీలు సామాను కొట్లన్నీ ఇవే. ప్లాస్టిక్‌వి వద్దు, కొరికి మింగుతుంది.
- పడక: పాత చీరలతో కుట్టిన బొంత చాలు. రెండు ఉండాలి. ఒకటి ఉతుకులో ఉంటుంది.
- మడత పెట్టే ఇనుప కంచె గాని, బోను గాని. బోనులో పిల్ల నిలబడగలగాలి, తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోగలగాలి. అంతకు మించి పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల మూత్రం పోస్తుంది. పెద్ద జాతి అయితే పెద్ద బోనే కొని, మధ్యలో అట్ట అడ్డం పెట్టండి.
- మెత్తటి, తేలికైన మెడ బెల్టు, 5 అడుగుల తాడు. గొలుసు వద్దు.
- పాత దినపత్రికలు, ఒక మోపు. పక్కింటివాళ్ళవీ అడిగి పెట్టుకోండి.
- కొరకడానికి గట్టి రబ్బరు బొమ్మలు రెండు. వాటి కన్నా చవకైనది: పాత తువ్వాలు ముడివేసి, తడిపి, ఫ్రీజర్‌లో పెట్టినది. పళ్ళు మారే నెలల్లో దీన్ని మించినది లేదు.
- వంటింటి తూకం. ఆహారం చెంచాలతో కాకుండా గ్రాముల్లో కొలవడానికి.
- టార్చిలైటు, రాత్రి 2 గంటలకు కింద ఏముందో చూసుకోవడానికి.

ఇప్పుడే అక్కర్లేనివి: షాంపూ, సెంటు, చొక్కాలు, కాల్షియం సీసా, పచ్చితోలుతో చేసిన నమిలే ఎముకలు. ఆ తోలు నానితే పెద్ద ముక్కలుగా ఊడి గొంతులో అడ్డం పడుతుంది.

1. నేల మీద కూర్చుని ఇల్లు చూడండి

నవ్వుకోకండి. నిజంగానే మోకాళ్ళ మీద ఒక్కో గదిలో తిరగండి. జానెడు ఎత్తులో ఏమేం ఉన్నాయో అప్పుడే కనిపిస్తాయి: ఫోను ఛార్జరు తీగ, సోఫా కింద దొర్లిన మాత్ర, రబ్బరు బ్యాండ్లు, సూది, పిల్లల పెన్సిలు ముక్క. తీగలను పైకి కట్టేయండి. చెప్పుల స్టాండుకు తలుపు లేకపోతే చెప్పులను బాల్కనీకి తరలించండి.

మన ఇళ్ళలో ప్రత్యేకంగా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. బీరువాలోని నాఫ్తలీన్ ఉండలు, పూజగదిలోని కర్పూరం, గోడ వెంట గీసే చీమల మందు చాక్‌పీసు, ఎలుకల మందు, దోమల మందు సీసా, అన్నీ విషాలే. దేవుడి గూడు నేలకు దగ్గరగా ఉంటే దీపం, కర్పూరం పైకి మార్చండి. మొక్కల్లో గన్నేరు ప్రాణాంతకం. కుండీల్లో ఖర్జూరపు మొక్కలా కనిపించే సైకస్ కూడా అంతే, దాని గింజలు మరీ ప్రమాదం. మనీప్లాంటు, డిఫెన్‌బాకియా నోరు, గొంతు మండేలా చేస్తాయి.

నున్నటి టైల్స్, గ్రానైటు నేల మీద పిల్ల కాళ్ళు జారి పక్కలకు పోతుంటే ఎదిగే కీళ్ళకు మంచిది కాదు. అది ఎక్కువగా తిరిగే దారిలో గోనెపట్టాలు గాని, రబ్బరు చాపలు గాని పరచండి. పాత యోగా చాప కోసి వాడినా సరిపోతుంది.

2. బాల్కనీ, లిఫ్టు

మా రెండో కుక్కపిల్ల వచ్చిన మూడో రోజు సాయంత్రం బాల్కనీ గ్రిల్లులో తల ఇరికించుకుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. కింద కూరగాయల బండి అతను పైకి చూస్తూ నిలబడిపోయాడు. మా ఆవిడ గ్రిల్లు మీదుగా వంగి దాని ఛాతీ కింద చెయ్యి వేసి పట్టుకుంది. నేను మెడ చుట్టూ కొబ్బరినూనె రాసి, ఒక్కో చెవీ మడిచి వెనక్కి తెచ్చాను. ఇరవై నిమిషాలు పట్టింది. బయటపడ్డాక అది మా చేతుల మీది నూనె నాకుతూ కూర్చుంది, మాకు మాత్రం కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

కాబట్టి కొలత ఇది: మీ పిడికిలి దూరే సందులో చాలా జాతుల పిల్లల తల దూరుతుంది. మరీ చిన్న జాతులకు మూడు వేళ్ళ సందు చాలు. బాల్కనీకి నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తు దాకా జాలీ వేయించండి, ప్లాస్టిక్ కట్టుతీగలతో మీరే కట్టుకోవచ్చు. అంతవరకు బాల్కనీ తలుపు మూసే ఉంచండి.

లిఫ్టులో కుక్కపిల్లను చేత్తో ఎత్తుకోండి. తాడు చివర అది బయట, మీరు లోపల ఉండగా తలుపు మూసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అపార్ట్‌మెంటు సంఘంవాళ్ళు "కుక్కలకు లిఫ్టు లేదు" అంటే, పెంపుడు కుక్కలను లిఫ్టు నుంచి నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నాయని మర్యాదగా చూపించండి. గొడవకన్నా ముందుగానే వెళ్ళి పరిచయం చేసుకోవడం బాగా పనిచేస్తుంది.

3. ఒక మూల దానికి ఇచ్చేయండి

జనం తిరిగే హాల్లో, గోడ వారగా, ఎండ నేరుగా పడని చోట కంచె వేయండి. ఏసీ గాలి, కూలరు గాలి నేరుగా తగలకూడదు. ఒక వైపు బొంత, దానికి దూరంగా దినపత్రికలు, మధ్యలో నీళ్ళు. మీరు తాగే నీళ్ళే పోయండి. చీమలు పట్టే ఇల్లయితే అన్నం గిన్నెను వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో పెట్టండి.

ఇంతకు ముందు ఇంట్లో గాని, మెట్ల దగ్గర గాని ఏ కుక్కకైనా పార్వో (వాంతులు, విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) వచ్చి ఉంటే జాగ్రత్త. ఆ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది, మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోకూడదు. ముందు సబ్బునీళ్ళతో కడిగి, ఒక వంతు బ్లీచు ద్రావణానికి 30 వంతుల నీళ్ళు కలిపి 10 నిమిషాలు తడిగా ఉంచి, మళ్ళీ కడిగి ఆరబెట్టండి. బ్లీచును బాత్‌రూము యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

4. డాక్టరును ముందే చూసి పెట్టుకోండి

ఇంటికి దగ్గరలో ఒకరు, రాత్రి పూట తెరిచి ఉండే చోటు ఒకటి, రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అంటించండి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. పిల్ల వచ్చిన రెండు మూడు రోజుల్లో ఒకసారి చూపించండి.

టీకాల లెక్క స్థూలంగా ఇది: 6 నుంచి 8 వారాల వయసులో మొదటిది, ఆ తర్వాత 3, 4 వారాలకొకటి చొప్పున 16 వారాలు వచ్చేదాకా. రేబిస్ టీకా మూడు నెలల ప్రాంతంలో. నట్టల మందు మూడు నెలల వయసు వరకు రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి. తేదీలు మీ డాక్టరు రాసినవే ఖాయం. రేబిస్ టీకా ధ్రువపత్రం చేతికొచ్చాక జీహెచ్ఎంసీ లైసెన్సు సంగతి చూసుకోండి. వానాకాలంలో గోమార్ల బెడద ఎక్కువ, అవి జ్వరాలు తెస్తాయి. మందు ఏ వయసు నుంచి వేయవచ్చో మొదటి రోజే అడగండి.

టీకాలు పూర్తయ్యేదాకా వీధి నేల మీద దింపకండి, కొండాపూర్ డాగ్ పార్కుకు అసలే వద్దు. అలాగని నాలుగు గోడల మధ్య బంధించకండి. భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడితే ఆటోలు, బ్యాండు మేళం, స్కూలు పిల్లలు అన్నీ దానికి పరిచయమవుతాయి. ఈ వయసులో చూడనివాటికి పెద్దయ్యాక భయపడుతుంది.

ఆడుతూ కొరికి రక్తం వచ్చినా, గీరినా, "చిన్న పిల్లే కదా, ఏం కాదులే" అనుకోవద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరును కలవండి. మనుషులకు వేసే రేబిస్ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో దొరుకుతుంది.

5. ఆహారం

ఎక్కువ ప్రశ్నలు, ఎక్కువ తప్పులు ఇక్కడే.

మా మొదటి కుక్కపిల్ల వచ్చిన సాయంత్రం మా అమ్మ ముద్దుగా గిన్నెడు ఆవుపాలు పోసింది. గుటగుటా తాగేసింది. అర్ధరాత్రి నుంచి నీళ్ళ విరేచనాలు. తెల్లవారి డాక్టరు ఒకటే ప్రశ్న అడిగారు: "నిన్నటిదాకా ఏం తినేది?" నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తల్లిపాలు మానిన పిల్లల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. మా అమ్మ ఆ తర్వాత ఏ కుక్కకూ పాలు పోయలేదు, పోసేవాళ్ళను చూస్తే ఊరుకోదు కూడా.

మొదటి 4, 5 రోజులు అది ఇంతకు ముందు తిన్నదే పెట్టండి, మీకు నచ్చినా నచ్చకపోయినా. తర్వాత మార్చాలనుకుంటే రెండు రోజులు పావు వంతు కొత్తది, రెండు రోజులు సగం, రెండు రోజులు ముప్పావు, అటు తర్వాత పూర్తిగా. మలం పలచబడితే ఒక మెట్టు వెనక్కి రండి.

ప్యాకెట్ ఆహారం: మన ఊళ్ళో ఏ కంపెనీ గింజలనైనా "పెడిగ్రీ" అనే అంటారు. పేరు ఏదైనా ప్యాకెట్ మీద "పప్పీ" అని ఉండాలి, "అడల్ట్" అని ఉన్నది పెరిగే పిల్లకు చాలదు. విడిగా తూచి ఇచ్చేవి కొనకండి, గడువు తేదీ తెలియదు. చిన్న ప్యాకెట్లే కొని, ప్యాకెట్‌తో సహా స్టీలు డబ్బాలో పెట్టండి. వానల్లో తేమకు బూజు పడుతుంది. 3 కిలోల బరువున్న రెండు నెలల పిల్లకు రోజుకు దాదాపు 120 నుంచి 130 గ్రాములు పడుతుంది, నాలుగు పూటలుగా పంచితే పూటకు 30 గ్రాములు. ప్యాకెట్ మీది పట్టికతో సరిచూసుకోండి. గోరువెచ్చటి నీళ్ళు పోసి పావుగంట నానబెట్టి పెట్టండి. మూడు, నాలుగు నెలల వయసు వరకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, తర్వాత రెండు.

ఇంట్లో వండేది: పెట్టవచ్చు, పెట్టేవాళ్ళు చాలామంది. ఎముకలు తీసేసిన ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం, ఉడికిన గుమ్మడి, క్యారెట్, గుడ్డు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి పడకూడదు. అయితే మాంసం, అన్నం మాత్రమే పెడితే ఎముకలు పెరగడానికి కావలసిన కాల్షియం అందదు. కాబట్టి ఎంత, ఏ రూపంలో చేర్చాలో డాక్టరును అడిగి రాయించుకోండి. పప్పీ గింజలే పెడుతుంటే మాత్రం పైన కాల్షియం సీసా పోయకండి, పెద్ద జాతుల పిల్లల్లో ఎముకలు వంకరపోతాయి. రోజూ పెరుగన్నమే పెట్టే ఇళ్ళు నాకు తెలుసు. పొట్ట నిండుతుంది, కుక్క పెరగదు.

శాకాహారుల ఇళ్ళలో నాయనమ్మలతో పేచీ వస్తుంది. మాంసం వంటింట్లోకి రాకుండా గడవాలంటే ప్యాకెట్ ఆహారమే సుఖం. గిన్నె, తోమే పీచు, డబ్బా అన్నీ యుటిలిటీ బాల్కనీలో వేరుగా పెట్టేయండి. మా మేడ మీది ఇంట్లో ఇలాగే ఒప్పందం కుదిరింది. ఇప్పుడు ఆ పెద్దావిడే టైముకు గింజలు నానబెడుతున్నారు.

పెట్టకూడనివి: చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చక్కెర లేని చూయింగ్ గమ్, మద్యం. కాబట్టి పాయసంలో అడుగున మిగిలిన కిస్‌మిస్ కూడా వద్దు. సాంబారు, పులిహోర లాంటి చింతపండు వంటలకూ దూరంగా ఉంచండి. మామిడి టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది. బిర్యానీ ఎముకల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో చుట్టాలొచ్చిన ప్రతి ఆదివారం జరిగేది అదే. ఉడికిన ఎముక సూదుల్లా చీలుతుంది, మసాలాలో ఉల్లిపాయ ఉండనే ఉంది. విస్తరి ఎత్తే ముందు పిల్లను కంచెలో పెట్టండి, చుట్టాలకు ముందే చెప్పండి.

మనుషుల జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు, పారాసెటమాల్‌తో సహా, సగం ముక్క కూడా వేయకండి.

6. తెచ్చే రోజు, మొదటి రాత్రి

ఉదయం తెచ్చుకోండి, రాత్రయ్యేలోగా ఇల్లు దానికి కాస్త అలవాటవుతుంది. ప్రయాణానికి రెండు గంటల ముందు ఆహారం పెట్టవద్దని చెప్పండి. ఒళ్ళో తువ్వాలు పరిచి కూర్చోబెట్టుకోండి, వేసవిలో మధ్యాహ్నం వద్దు. రాగానే హారతులు, ఫొటోలు, పక్క ఫ్లాట్ల పిల్లలు అన్నీ వాయిదా వేయండి. ముందు దినపత్రికల దగ్గర దింపండి, మూత్రం పోస్తే మెచ్చుకోండి, నీళ్ళు చూపించండి, పడుకోనివ్వండి.

రాత్రి ఏడుస్తుంది. బోను గాని, బుట్ట గాని మీ మంచం పక్కనే పెట్టుకుని, తల్లి దగ్గరి గుడ్డ అందులో వేయండి. చెయ్యి కిందికి వేలాడదీస్తే చాలా పిల్లలు వాసన చూసి పడుకుంటాయి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. అలారం పెట్టుకుని మీరే లేపి తీసుకెళ్ళండి. నిద్ర లేచాక, తిన్నాక, ఆడాక, ఈ మూడు వేళలు తప్పనిసరి. తప్పు చోట పోస్తే కొట్టడం, ముక్కు రుద్దడం పనికిరావు, మిమ్మల్ని చూసి దాక్కుని పోయడం నేర్చుకుంటుంది. వాసన మిగిలితే మళ్ళీ అక్కడే పోస్తుంది కాబట్టి, సబ్బునీళ్ళ తర్వాత నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడవండి. గ్రానైటు, పాలరాయి మీద మాత్రం వెనిగర్ వద్దు, మెరుపు పోతుంది. వాటికి, వాసన పోగొట్టే ఎంజైము ద్రావణం దుకాణాల్లో దొరుకుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

వచ్చిన రోజే స్నానం చేయించడం ఒకటి. వణికి జబ్బు పడుతుంది, మురికిగా ఉంటే తడిగుడ్డతో తుడిస్తే చాలు. పాత చెప్పు ఆడుకోవడానికి ఇవ్వడం ఇంకొకటి. పాతదానికీ నిన్న కొన్నదానికీ తేడా దానికెలా తెలుస్తుంది? ఇంట్లో నలుగురూ ఎవరికి వారు తినిపించడం మూడోది. ఫ్రిజ్ మీద ఒక కాగితం పెట్టి, పెట్టినవాళ్ళు టిక్కు కొడితే ఈ బాధ ఉండదు.

అంతా సరిగా ఉందా? ఎలా చూసుకోవాలి?

మలం గట్టిగా, చేతికి అంటకుండా ఎత్తగలిగేలా ఉండాలి. చిగుళ్ళు గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్ళీ రంగు రావాలి. భుజాల మీది చర్మం పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి, గుడారంలా నిలబడితే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టు. పక్కటెముకలు చేతికి తెలియాలి, కంటికి పొడుచుకు రాకూడదు. తిన్న వెంటనే పొట్ట కాస్త ఉబ్బడం మామూలే. ఎప్పుడూ డప్పులా ఉండి, ఒళ్ళు సన్నగా ఉంటే నట్టలున్నాయేమో చూపించండి.

వాంతులతో పాటు నీరసం, రక్తం కలిసిన, దుర్వాసన కొట్టే విరేచనాలు, ఒక పూట పూర్తిగా మానేసి ఆటకు రాకపోవడం, చిగుళ్ళు పాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారాక చూద్దాం అనుకోకండి. పార్వో గంటల్లో ముదురుతుంది. మరీ చిన్న జాతి పిల్ల తినక తూలుతుంటే చిగుళ్ళకు కొంచెం తేనె రాసి, అలాగే ఆసుపత్రికి ఎత్తుకెళ్ళండి.

ఇక వారం వారం బరువు. పిల్లను ఎత్తుకుని మనుషుల తూకం మీద నిలబడండి, దించి మళ్ళీ నిలబడండి, తేడా రాసుకోండి. మరీ బుల్లి పిల్ల అయితే ఈ తేడా సరిగా తేలదు, కిరాణా కొట్టు తరాజు మీద బుట్టతో పెట్టి తూయించండి. మా వీధి కొట్టాయన ఆదివారం ఉదయం పప్పులు తూచే ముందే మా పిల్ల బరువు చూసి, టీకా పుస్తకం వెనక అట్ట మీద ఆయనే రాసేవాడు. ఆ అట్ట ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.